మూలం చూపించండి రాయలవారూ!

ఇంగ్లిష్ వికీపీడియాలో శ్రీకృష్ణదేవరాయల పేజీ తెరిచి, మొదటి పేరాలో ఆయన పేరు తెలుగు అక్షరాల్లో ఎక్కడుందో వెతకండి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతకండి. పోనీ కన్నడంలో? నియమం ప్రకారం అదీ ఉండకూడదు. ఎవరైనా ముచ్చటపడి పెడితే ఇంకొకరొచ్చి తీసేస్తారు, ఏ నియమం కింద తీశారో రాసిపెట్టి మరీ వెళ్తారు. భారతదేశానికి సంబంధించిన వ్యాసాల ఆరంభంలో మన లిపులు వాడరాదని 2012లో పెద్దలంతా చర్చించి తేల్చేశారు. జపాన్ వాళ్ళ పేజీల్లో జపాన్ లిపి, రష్యా వాళ్ళ పేజీల్లో రష్యన్ లిపి దర్జాగా కూర్చుంటాయి. మనకి మాత్రం లేదు. ఎందుకయ్యా అంటే, మనవాళ్ళు కొట్టుకుంటున్నారట.

అబద్ధమెందుకు, కొట్టుకున్నాం. ఏ లిపి ముందు, ఏ లిపి వెనక, అసలు ఏ లిపి ఉండాలి అని. ఒకే పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడు తిరుగుసేతలకు, అంటే ఇంకొకరు చేసిన మార్పుని రద్దు చేయడాలకు, మించి చేయరాదని అక్కడో నియమం ఉంది. మన వీరులు మూడూ పూర్తిచేసి, అలారం పెట్టుకుని పడుకుని, గడువు దాటిన ఐదో నిమిషాన లేచి నాలుగోది కొడతారు. పాలవాడు కూడా అంత టైముకి రాడు.

దీనికి పెద్దలు చూపిన పరిష్కారం ఎలా ఉందంటే, శుభలేఖలో ఎవరి పేరు ముందు వేయాలని వియ్యంకులు పట్టుబడితే, విసిగిపోయిన మేనమామ రెండు పేర్లూ కొట్టేసి కల్యాణమండపం అడ్రసు మాత్రం అచ్చు వేయించినట్టుంది. భోజనాలు ఎక్కడో తెలుస్తుంది, పెళ్ళి ఎవరిదో తెలీదు. పైగా ఓదార్పుగా, సొంత లిపి బదులు అంతర్జాతీయ ధ్వని లిపి వాడుకోండి అన్నారు. అంటే ఇంగ్లిష్ ‘ఈ’ని బోర్లా పడేసి, ‘ఎన్’కి తోక తగిలించి రాసేది. రాయలవారి పేరు రాయలవారే చదువుకోలేని ఏర్పాటు.

నాకు ఒక ఊహ పదే పదే వస్తుంటుంది. రాయలవారు స్వయంగా ఖాతా తెరుస్తారు. ఆయన పేరు ఎవరో ముందే తీసేసుకున్నారు కాబట్టి, పట్టాభిషేకం జరిగిన ఏడు తగిలించి ‘కృష్ణదేవరాయ1509’గా లోపలికొస్తారు. తన పేరు పక్కన తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి రాస్తారు. ఆయనకి పేచీ లేదు. ఆంధ్రభోజ బిరుదూ ఆయనదే, కన్నడ రాజ్య రమారమణ బిరుదూ ఆయనదే. నాలుగు నిమిషాల్లో రెండూ మాయం. చర్చా పేజీలో సందేశం: “వికీపీడియాకు స్వాగతం! మీ మార్పు నిర్మాణాత్మకంగా లేదు. ప్రయోగాలకు ప్రయోగశాల వాడగలరు.”

“అయ్యా, అది నా పేరు.”

“మూలం?”

“నేనే.”

“మీ గురించి మీరే రాసుకోరాదండి. ప్రయోజన వైరుధ్యం.”

“తిరుమలలో నా శాసనాలున్నాయి. ఇద్దరు దేవేరులతో నా విగ్రహం కూడా ఉంది.”

“అవి వేయించింది మీరే కదా. ప్రాథమిక మూలాలు. స్వతంత్రమైన ద్వితీయ మూలం, అంటే మీతో సంబంధం లేనివాళ్ళు రాసింది, కావాలి.”

“పాయెస్ అని పోర్చుగీసాయన వచ్చి, కళ్ళారా చూసి రాసుకుపోయాడు.”

“మీ ఇంట భోంచేశాడా?”

“చేసే ఉంటాడు.”

“అయితే స్వతంత్రుడు కాడు.”

ఇంతలో తిమ్మరుసు వేరే ఖాతాతో వచ్చి, ప్రభువులు చెప్పింది నిజమే అని ఒక ముక్క రాస్తాడు. ఇద్దరిదీ హంపి ఐపీ అడ్రసే. ఇంకేముంది, ఒకటి దొంగ ఖాతా అని తేల్చి ఇద్దరినీ నిరోధిస్తారు. కళింగం దాకా గెలిచొచ్చిన మనిషి, నిరోధం ఎత్తేయమని అడిగే మూస, అంటే వికీలో వాడే రెడీమేడ్ నోటీసు, ఎలా పెట్టాలో తెలియక భువనవిజయంలో దిగాలుగా కూర్చుంటాడు. అష్టదిగ్గజాల్లో ఒక్కరికీ మూసలు రాయడం రాదు.

ఇది మరీ అంత ఊహ కూడా కాదు. అదే 2012లో అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్, తన నవలకి ప్రేరణ ఎవరన్నది వికీపీడియాలో తప్పుగా రాశారు, దిద్దండి అని అడిగితే, రచయితగా మీ మాట కాదనం గానీ ద్వితీయ మూలం కావాలన్నారు. పాపం ఆయన న్యూయార్కర్ పత్రికకెక్కి బహిరంగ లేఖ రాసుకున్నాడు. అది అచ్చయ్యాక ఆయన బుర్రలో ఉన్నదానికి మూలం దొరికినట్టయింది.

అయితే వాళ్ళకి ఓపిక లేదని మాత్రం అనకండి. పెరుగు వ్యాసం చూడండి. ‘యోగర్ట్’ అన్న ఇంగ్లిష్ స్పెల్లింగులో మధ్యన ‘హెచ్’ ఉండాలా వద్దా అన్నది సమస్య. 2003లో పెట్టారు, 2011లో తీసేశారు. ఆ మధ్య కాలమంతా చర్చలే. బ్రిటన్ వాడుక, అమెరికా వాడుక, నిఘంటువులు, మొదట ఎవరు రాశారన్న లెక్కలు. మన వంటింట్లో రాత్రి తోడేస్తే తెల్లారేసరికి గడ్డ పెరుగు. అక్కడ తోడుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మజ్జిగ జోలికి పోనందుకు సంతోషం.

2018లో డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద ఎవరో వ్యాసం రాసి పంపితే, ఇచ్చిన మూలాలతో ఈమె ప్రాధాన్యత రుజువు కావడం లేదని మే నెలలో తిప్పి పంపారు. అక్టోబరు 2న ఆమెకి నోబెల్ వచ్చింది. ఆమెతో బహుమతి పంచుకున్న గురువుగారికి మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పేజీ ఉంది. నోబెల్ వచ్చిందంటే అది మూలమే కదా, ఆమెకీ పేజీ వచ్చేసింది. సరే, ఆవిడ బతికిపోయింది.

బతకనివాళ్ళ సంగతి చెప్పండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే, ఇప్పుడు ఆయనకి కావలసినన్ని మూలాలు. ఆయన కంటే ముందు అదే కిన్నెర పట్టుకుని ఊరూరా తిరిగిన డక్కలి పెద్దల మాటేమిటి? డక్కలి వాళ్ళంటే ఇంకొకరి వంశావళులు, పురాణాలు తరాల తరబడి నోట నిలబెట్టుకున్నవాళ్ళు. ఏ సర్వరూ లేకుండా విజ్ఞాన సర్వస్వం మోసినవాళ్ళు. వాళ్ళని ఊరి బయట ఉంచింది మనం. బడిలోకి రానివ్వనిది మనం. పత్రికల్లో నాలుగు లైన్లు వేయనిది మనం. అన్నీ చేసి, ఇప్పుడు కంప్యూటర్ ముందు కాళ్ళు చాపుకుని, “విశ్వసనీయ మూలాలు లేవు, విషయ ప్రాధాన్యత సందేహాస్పదం” అంటామా? సిగ్గుండాలి. విడుదలే కాని సినిమాకి ట్రైలర్ వార్తలు మూలాలవుతాయి. యాభై ఏళ్ళు కథ చెప్పినవాడి గొంతు మాత్రం మూలం కాదు! నోటిమాటని కూడా మూలంగా తీసుకోవచ్చని 2011లో అచల్ ప్రభల అనే ఆయన మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో ప్రయోగం చేసి, వీడియోలు తీసి మరీ చూపించారు. వికీ పెద్దలు ఏమన్నారు? ధృవీకరించడం కష్టమన్నారు. కష్టమే. వెళ్ళి వాళ్ళ గుడిసె ముందు కూర్చుని వినాలి కదా.

అలాంటి పెద్దమనిషి మీద రేపు ఏ కుర్రాడో నాలుగు లైన్లు రాశాడనుకోండి. పైన తొలగింపు మూస పడుతుంది. అక్కడి పద్ధతి ప్రకారం చర్చకి గడువు మామూలుగా ఏడు రోజులు. ఇది ఓటింగ్ కాదు అంటూనే తొలగించాలి, తొలగించాలి, తొలగించాలి అని ముగ్గురు బొద్దు అక్షరాల్లో రాసిపోతారు. ఆ కుర్రాడు ఎవరో ముసలాయన దగ్గర ఫోన్‌లో రికార్డు చేసిన పాట పెట్టి, ఇది పనికొస్తుందేమో చూడండి సార్ అని అడుగుతాడు. దానికి జవాబిచ్చే తీరిక ఎవరికీ ఉండదు. పెరుగులో హెచ్‌కి ఎనిమిదేళ్లు ఉన్నాయి, ఈయనకి శుక్రవారం దాకా.