మెదడుకూ ఒక మురుగు దారి

గోదావరి డెల్టా పల్లెలకు లింఫు వ్యవస్థను, అంటే ఒంట్లో చేరిన ద్రవాన్ని పారించే నాళాల అల్లికను పరిచయం చేసింది పాఠ్యపుస్తకాలు కావు, బోదకాలు. గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం రావడం, నాలుగు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం, ఏళ్లు గడిచేకొద్దీ కాలు బరువెక్కడం ఇక్కడ తరతరాలు చూసిన బాధ. దోమకాటుతో ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగులు లింఫు నాళాలను పాడుచేస్తే, కణజాలంలో చేరిన ద్రవం తిరిగి రక్తంలో కలిసే దారి దెబ్బతింటుంది. ఆ పురుగుల పిల్లలు రాత్రివేళే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి, ఊరు నిద్రకు ఉపక్రమించే సమయంలో ఆరోగ్య సిబ్బంది గాజు పలకలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి వేలికొన నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు.

అటువంటి నాళాలు మెదడును కప్పి ఉంచే పై పొరలోనూ ఉన్నాయని వర్జీనియా, హెల్సింకి విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2015లో ఎలుకల్లో విడివిడిగా నిరూపించారు. రెండేళ్లకు ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో మనుషుల్లోనూ అవి కనిపించాయి. ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు పావ్‌లో మస్కాన్యి 1787లోనే వాటిని వర్ణించినా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మెదడుకు లింఫు నాళాలు లేవనే వైద్య విద్యార్థులు రెండు శతాబ్దాలపాటు చదువుకున్నారు.

మన మెదడు, వెన్నుపాము చుట్టూ ఏ క్షణాన చూసినా సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా తయారవుతుంది కనుక అంతా మూడు నాలుగుసార్లు మారాలి, అంటే వచ్చినంతా బయటికి పోవాలి. కాలువ నీరు ఎంత సమృద్ధిగా వచ్చినా, గుర్రపుడెక్క పట్టిన డ్రెయిను లాగకపోతే చేను ఏమవుతుందో డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మెదడు ద్రవంలో కొంత భాగం పై పొరలోని ఈ నాళాల గుండా, ముక్కు పైభాగపు నరాల వెంబడి దిగి మెడలోని లింఫు గ్రంథులకు చేరుతుంది. జ్ఞాపకశక్తిని క్రమంగా హరించే అల్జీమర్స్ జబ్బు ఉన్నవారి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే మాంసకృత్తు వంటి వ్యర్థాలూ ఆ ద్రవంతోపాటే కొంత బయటపడతాయి. ముసలి ఎలుకల్లో ఈ నాళాలు సన్నబడి పారుదల మందగించినట్టు 2018లో తేలింది.

ఇక నిద్ర సంగతి. నిద్రలో మెదడు కణాల మధ్య ఖాళీ సుమారు 60 శాతం పెరిగి వ్యర్థాలు వేగంగా పోతాయని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధన చెప్పగా, నిద్రలో ఆ వేగం తగ్గుతుందని 2024లో లండన్ శాస్త్రవేత్తలు అందుకు విరుద్ధమైన ఫలితం ప్రకటించారు. ఆ వాదం ఇంకా తేలలేదు. అయితే నిద్రలేమి గుండెకూ జ్ఞాపకశక్తికీ చేటు అన్నదానిలో వాదం లేదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుందేమోనని, కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయని, జనరేటరు పక్కనే రాత్రంతా కూర్చునే కాపలాదారులు భీమవరం చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. వారి నిద్రను కూలి లెక్కల్లోనే కాక ఆరోగ్య లెక్కల్లోనూ చేర్చాలని మేము కోరుతున్నాం.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. మెడలోని లింఫు నాళాన్ని సిరతో కలిపి కుడితే అల్జీమర్స్ నయమవుతుందంటూ చైనాలో ఎన్నో ఆసుపత్రులు శస్త్రచికిత్సలు మొదలుపెట్టాయి. తగిన ఆధారాలు లేవంటూ అక్కడి ప్రభుత్వమే 2025 జూలైలో దాన్ని నిషేధించింది. అమ్మానాన్నలు తమను గుర్తుపట్టడం లేదన్న దుఃఖంలో ఉన్న బిడ్డలు పొలం అమ్మి అయినా ఇలాంటి ఆశను కొనుక్కుంటారు. పరిశోధన పరిధి దాటి ఈ శస్త్రచికిత్సను ఎవరూ చికిత్సగా అమ్మకుండా రాష్ట్ర ఆరోగ్యశాఖ ముందే కట్టడి చేయాలి. పెద్దవారి మతిమరుపును వయసు ఖాతాలో వేసి వదిలేయకుండా, బోదకాలు కోసం గడప గడపకూ వెళ్లిన అలవాటున్న ఈ జిల్లాల సిబ్బందికే జ్ఞాపకశక్తి పరీక్షలో శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఆ పరీక్ష జరిగే ఏర్పాటు చేయాలి.