మూడు మూరల మల్లెల్లో ఒక మొగ్గ

ముందుగా మా బామ్మర్ది గురించి ఒక మాట. "బావా, ఈ కాలంలో చెవులకు వైరు తగిలించుకోని తిరిగేది నువ్వొక్కడివే. దూరం నుంచి చూస్తే సెలైన్ ఎక్కించుకుంటా ఉన్నట్టుండావు" అన్నాడు. ఆ మాటకు రోషమొచ్చి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ తెప్పించినా. 4,999 కొట్టేసి 999 అని పెట్టుండారు. ఆ 4,999కే కొన్న మహానుభావుడు భూమ్మీద యాడన్నా ఉంటే ఆయన కాళ్లకు మొక్కాలని నాకు చానా దినాల కోరిక. డబ్బా మీద 40 గంటలు అని రాసింది. చెవిలో మోగేది అయిదారు గంటలే, మిగతాదంతా ఆ బుడ్డి పెట్టెలో ఉండే చార్జింగు. కుండలో ఉండే సంగటిని కూడా కడుపులో లెక్కేసినట్టు. సరే, అది వదిలేయండి.

నిన్న పొద్దున తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కినా. ఆడోళ్లకు బస్సు టికెట్టు లేకుండా చేసే స్త్రీశక్తి పథకం వచ్చినప్పటి నుంచి మా రూట్లో బస్సెక్కితే పెళ్లి బస్సు ఎక్కినట్టే ఉంటుంది. నేనూ, డ్రైవరూ, కండక్టరూ, వెనక సీట్లో తువ్వాలు కప్పుకోని పండుకున్న ఒక పెద్దాయనా తప్ప అంతా ఆడోళ్లే. ఇది ఎందుకు చెప్తా ఉండానో రొంతసేపటికి మీకే తెలుస్తుంది. ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం ఒకటి కొనుక్కున్నా. రెండు చెవుల్లో రెండు మొగ్గలు దోపి ప్రవచనం పెట్టుకున్నా.

నమిలేటప్పుడు దవడతో పాటు చెవి రంధ్రం ఆకారం కూడా మారతా ఉంటుంది. దాంతో లోపల పెట్టింది ఒక్కో పలుకుకూ ఒక్కో నూలు బయటికి జరుగుతుంది. అందుకే డబ్బాలో చిన్నవీ, నడిమివీ, పెద్దవీ అని మూడు సైజుల రబ్బరు టోపీలు ఇస్తారు. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనేం లేదు. నా కుడి చెవికి పెద్దది కావాల. ఆ పెద్దవి ఉన్న కవరు మా ఇంట్లో ఫ్రిజ్ మీద, పాత కరెంటు బిల్లుల కింద, విప్పకుండా భద్రంగా ఉంది.

చంద్రగిరి దాటినాక నిద్ర ముంచుకొచ్చి ముందు సీటు కమ్మీకి తల ఆనించినా. డ్రైవరు దేనికో బ్రేకు కొట్టినాడు. ఉలిక్కిపడి లేస్తే కుడి చెవి ఖాళీ.

ఒళ్లో శెనక్కాయ పొట్టు. కాళ్ల కింద శెనక్కాయ పొట్టు. తల ఎత్తితే కనబడింది.

ముందు సీటామె జడ, సీటు దాటి నా వైపుకు వేలాడతా ఉంది. జడ నిండా మల్లెపూలు, మూడు మూరలకు తక్కువుండవు. పొద్దున కట్టిన మాల గదా, ఒక్కటీ విచ్చుకోలేదు, అన్నీ మొగ్గలే, సందు సందున మరువం. వాటి నడుమ, రెండో వరసలో, దారం కింద ఇరుక్కోని నా మొగ్గ. ఇంగ్లీషోడు దానికి ఏ ముహూర్తాన ‘బడ్’ అని పేరు పెట్టినాడో గాని, అదే తెలుపు, అదే నునుపు, కాడతో సహా. కాడ చివర చార్జింగు ఎక్కడానికి రెండు బంగారు చుక్కలు ఉంటాయి చూడండి, అవి లేకుంటే నేను కూడా పోల్చుకోలేను. ఆ మాల కట్టినామె చేతికి ఇది తగిలుంటే ఆమె కూడా అనుమానపడకుండా మరువం పక్కన పెట్టి ముడేసి ఉండేది.

చెయ్యి చాపితే రెండంగుళాలు. కానీ అంత మంది ఆడోళ్ల నడుమ చాపిన చెయ్యి చిత్తూరు చేరేసరికి ఏ రూపంలో ఉంటుందో? అడిగేద్దామని మనసులో మాటలు కట్టుకున్నా. "అమ్మా, మీ పూలల్లో నాదొకటుంది." ఛీ. "అక్కా, మీ జడ ఒకసారి విదిలిస్తారా?" చెప్పు తీస్తుంది. "మేడమ్, నా చెవి మీ తలలో ఉండిపోయింది." దీనికి నేరుగా ఆస్పత్రికే తోలిస్తారు. కండక్టరు చేత చెప్పిద్దామంటే ఆయనది బస్టాండు ఆ కొస నుంచి ఈ కొసకు వినబడే గొంతు.

ఖరీదైన వాటిల్లో చెవిలోంచి తీస్తే పాట దానంతటదే ఆగిపోయే సెన్సారు ఉంటుంది. 999కి అవన్నీ యాడ నుంచి వస్తాయి? ప్రవచనం నడుస్తానే ఉంది, ఎడమ చెవిలో నాకు, కుడి పక్క మల్లెలకు.

అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది.

దాని మీద రెండు మార్లు తడితే ఫోన్ ఎత్తినట్టు లెక్క. ముందు సీటామె, పూలు జారినాయేమోనని చెయ్యి వెనక్కి పెట్టి తట్టి చూసుకునింది. ఒకటి. రెండు.

"యాడుండారు?" అని ఎడమ చెవిలో మా ఆవిడ.

"బస్సులో" అన్నా. ఆమెకు వినబడలేదు. ఫోన్ మాట్లాడేటప్పుడు నా వాటిల్లో ఒక్క మైకే పనిచేస్తుందనీ, అది కుడిదనీ నిన్ననే తెలిసింది. పైగా డబ్బా మీద ఈఎన్‌సీ అని పెద్దక్షరాలతో ఉంది. చుట్టూ ఉండే రొదను అణిచిపెట్టి, మాట్లాడే మనిషి గొంతును మాత్రమే అవతలికి పంపిస్తుందంట. నిన్న మాట్లాడే మనిషి ముందు సీటామె. రొద నేను.

ఆమె పక్కన వాళ్లమ్మ కూర్చోనుంది, బాగా పెద్ద మనిషి. సరిగ్గా ఆ నిమిషానే ముందు సీటామె వాళ్లమ్మతో అనింది: "రొంతసేపు నా భుజం మీద తల పెట్టుకోని పండుకో. చిత్తూరు వచ్చినాక లేపుతాలే."

ఎడమ చెవిలో చప్పుడు లేదు.

"ఎవురామె?"

ఫోన్ తీసి బ్లూటూత్ ఆపేసుంటే అయిపోయేది. ఇంట్లో కూర్చోని రాసేటప్పుడు అన్నీ తెలుస్తాయి. నిన్న నేను చేసిన పని ఏమంటే, ముందుకు వంగి, ఆ మల్లెపూల దగ్గర నోరు పెట్టి, "బస్సులోనే ఉండా, నమ్ము" అన్నా. అదొక్కటీ బ్రహ్మాండంగా పోయింది. ముందు ఒక ఆడమనిషి గొంతు, దాని వెనకే మొగుడి గుసగుస.

మా ఆవిడ అందుకునింది. అవ్వ చెవి పూలకు జానెడు దూరంలో ఉంది. "ఏందిమే, నీ పూలల్లో ఎవురో ఆడమనిషి అరస్తా ఉండాది" అని లేచి కూర్చోని కళ్లు చిట్లించి చూసింది. తెల్లగా, కాడతో, నీలం లైటు మినుకు మినుకుమంటా. "పురుగే! పురుగు!" రెండు వేళ్లతో పట్టి పీకి కిటికీలోంచి విసిరేసింది. ఆ వయసులో ఆ విసురు నేనింతవరకు చూడలేదు. మా ఆవిడకు ఆఖరున వినబడింది ఆ కేకే. తర్వాత గాలి.

"అవ్వా!" అని లేచి నిలబడినా. బస్సంతా నా వైపే తిరిగింది.

అవ్వ నన్ను పైకీ కిందికీ చూసింది. "ఏమప్పా, ఆ పురుగు నీదా?"

"కాదవ్వా" అన్నా.

కూర్చోని మిగిలిన శెనక్కాయలు తిన్నా.

సాయంత్రం ఇంట్లో జరిగింది రాయను. కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేస్తానన్నా. ఆ సామి దగ్గర అబద్ధమాడితే ఊరుకోడని మా పక్క అందరికీ భయం గదా, ఆమె రొంత మెత్తబడింది. "ఏమని చేస్తారు?" అనింది. "నేను మాట్లాడింది మల్లెపూలతోనే అని" అన్నా. మళ్లీ మొదటికొచ్చింది.

రాత్రి కంపెనీ చాట్‌లో కుడిదొక్కటే విడిగా అమ్ముతారా అని అడిగినా. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. పోయిన బడ్ ఫొటో అప్‌లోడ్ చేయండి" అనింది. పోయినదాని ఫొటో యాడ నుంచి తెచ్చేది? మూడు మార్లు అడిగినా, మూడు మార్లూ అదే మాట, అదే చింత. బామ్మర్దికి చెప్తే, "ఎడమది ఉండాది గదా బావా, బండి తోలేటప్పుడు ఒకటే మేలు" అన్నాడు. అట్లా ఒక చెవితో తోలినా పోలీసులు పట్టుకుంటారురా అంటే ఫోన్ పెట్టేసినాడు.

ఈ పొద్దు దేవుడి పటానికి వేసిన మల్లెమాలను ఫొటో తీసి పంపించినా. ‘పరిశీలనలో ఉంది’ అని వచ్చింది.