పోపుల పెట్టె పక్కన అజిత్రోమైసిన్

సాంబశివరావు: అక్కయ్యా, ఆవాల కోసం అలమర తెరిస్తే అజిత్రోమైసిన్ చేతికి తగిలింది. ఇది ఏ పోపులో వేస్తావు?

కామాక్షమ్మ: అది మొన్నటి గొంతు నొప్పికి డాక్టరుగారు ఐదు రోజులకని రాసిచ్చిన యాంటీబయాటిక్, బ్యాక్టీరియాను చంపే మందురా. రెండు రోజులకే తగ్గింది కనుక మిగిలినవి దాచాను. డబ్బు పోసి కొన్నదాన్ని పారేసే వంశం కాదు మనది.

సాంబశివరావు: నొప్పి తగ్గినంత మాత్రాన క్రిములన్నీ చచ్చాయని నీకెవరు చెప్పారు? మందుకు లొంగేవి ముందు పోతాయి. తట్టుకోగలిగినవి మిగిలి, పోటీ లేని చోట పిల్లాపాపలతో వర్ధిల్లుతాయి. పైగా ఆ విద్యను జన్యువుల రూపంలో పక్క జాతి బ్యాక్టీరియాకు కూడా నేర్పుతాయి. చాలీచాలని మోతాదుతో పెన్సిలిన్ వాడితే ఇదే జరుగుతుందని, దాన్ని కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. ఎన్ని రోజులు వాడాలో తేల్చవలసింది డాక్టరు, నువ్వు కాదు.

కామాక్షమ్మ: పక్కింటి కుర్రవాడి జలుబుకు ఇందులోవే రెండు ఇచ్చాను. వారం తిరగకుండా తగ్గలేదా?

సాంబశివరావు: జలుబు తెచ్చేది వైరస్. దాని మీద ఈ మందు పనిచేయదు. నువ్వు తులసి తీర్థం ఇచ్చినా వారానికి తగ్గేదే. అట్ట మీద ఈ ఎర్ర గీత చూశావా? డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని దాని అర్థం.

కామాక్షమ్మ: చూశాను, అంచు డిజైన్ అనుకున్నాను. అయినా నా నాలుగు మాత్రల మీద ఇంత రాద్ధాంతం దేనికి? పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదట. వెళ్లి అక్కడ ఉపన్యసించు.

సాంబశివరావు: అది నిజమే. ముందు వీటిని సింకులో పారేసి వస్తాను.

కామాక్షమ్మ: ఆగరా! ఇప్పుడే కదా చెప్పాను, నా వంటింటిని పటాన్‌చెరు చేస్తావా? మందుల షాపులో తిరిగి తీసుకుంటారేమో అడిగి రా.

సాంబశివరావు: గడువు తేదీ ఉన్న వైపు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్క ఇది. దీన్ని ఎవరు తీసుకుంటారు?

కామాక్షమ్మ: ఫ్లెమింగ్ దగ్గర నుంచి మొదలుపెట్టు. నిన్ను వదిలించుకోవడానికైనా తీసుకుంటారు.