జీవోను స్కాన్ చేసి పెడితే అందరికీ అందినట్టేనా?

వెబ్‌సైట్ పైభాగాన అక్షరాలు పెంచే, తగ్గించే బటన్లు పెట్టేసి 'దివ్యాంగులకు అనుకూలం' అనుకోవడం మన ప్రభుత్వ శాఖలకు అలవాటైపోయింది. చూపు లేనివారికి ఆ బటన్లతో పనే లేదు. వాళ్ల ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అవి చదవగలిగేలా పేజీ కట్టారా లేదా అన్నదే ప్రశ్న.

ప్రమాణాలకు కొదవ లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి. 2023 నాటి మూడో కూర్పు వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా ఉండాలనే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1లోని ఏఏ స్థాయిని పాటించమంటోంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తప్పనిసరి చేసినదాన్ని నిబంధనలు ఐచ్ఛికంగా మార్చడం చెల్లదంటూ 15(1) నిబంధనను కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. 'అవి సూచనలేగా' అని తప్పించుకునే రోజులు పోయాయి.

అసలు చిక్కు ఎక్కడుందో ఒక దరఖాస్తు ఫారం తెరిస్తే చాలు, తెలిసిపోతుంది. పెట్టె పక్కన 'ఆధార్ నంబరు' అని కంటికి కనిపిస్తుంది. కోడ్‌లో మాత్రం ఆ లేబుల్‌ను పెట్టెతో ముడిపెట్టరు. స్క్రీన్ రీడర్ 'ఎడిట్' అని ఊరుకుంటుంది. తప్పు నింపితే పెట్టె అంచు ఎర్రబడుతుంది, అంతే. ఏది తప్పో మాటల్లో రాయరు. చివర్లో బొమ్మ క్యాప్చా, దానికి ఆడియో ఉండదు. ఈ తంటాలు పడుతుండగానే సెషన్ ముగిసి, నింపిందంతా పోతుంది.

పాత సైట్లు తిరగరాయాలంటే నిధులు కావాలంటారు అధికారులు. పెద్ద పోర్టళ్ల విషయంలో అది కొంత నిజమే. కానీ లేబుల్ ముడిపెట్టడం ఒక్కో పెట్టెకు ఒక్క లైను పని. కొత్త సైట్లకైతే ఆ సాకు కూడా లేదు: మౌస్ ముట్టకుండా, స్క్రీన్ రీడర్‌తో దరఖాస్తు మొదలు నుంచి రసీదు దాకా పూర్తయితేనే బిల్లు చెల్లిస్తామని టెండర్‌లో రాయాలి. ఆ పరీక్ష చేసేది చూపు లేని వినియోగదారులే కావాలి, వారికి అందుకు పారితోషికమూ ఇవ్వాలి. ఒకసారి సర్టిఫికెట్ తెచ్చుకుని వదిలేస్తే లాభం లేదు. మర్నాడే ఎవరో లేబుల్ లేని కొత్త ఫారం ఎక్కిస్తారు.

తెలుగు దగ్గరికొచ్చేసరికి పరిస్థితి ఇంకా ఘోరం. కంప్యూటర్‌లో టైపు చేసిన జీవోను ప్రింటు తీసి, సంతకం పెట్టించి, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. అక్షరాలుగా పుట్టింది బొమ్మగా మారిపోతుంది. స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ కాగితం. స్కాన్ చేయకపోయినా, పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైలైతే లోపల ఉండేవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు. యంత్రానికి వినిపించేది అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల గోల. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో ఉన్న పేజీకి కూడా కోడ్‌లో భాష తెలుగని ప్రకటించకపోతే ఇంగ్లిష్ గొంతు దాన్ని ఖూనీ చేయవచ్చు, అసలు దాటేసిపోనూవచ్చు.

నష్టం చూపు లేనివారితో ఆగదు. ఆ బొమ్మలో వెతుకుదామంటే ఒక్క మాట దొరకదు. విలేకరికి, పరిశోధకుడికి, తన ఊరి పేరు కోసం చూసే రైతుకు అది మూసిన తలుపే. తెలుగును పాలనా భాషగా నిలబెట్టాలని ఉపన్యాసాలిచ్చే ప్రభుత్వాలు రెండూ ముందు తమ తెలుగును అక్షరాలుగా ఉండనివ్వాలి. డిజిటల్ సంతకానికి ఐటీ చట్టం 2000లోనే గుర్తింపు ఇచ్చింది. ప్రింటు, స్కాను ఎందుకు? స్కాన్ తప్పదనుకుంటే దాని పక్కనే యూనికోడ్ ప్రతి కూడా అదే రోజు పెట్టమని రెండు సచివాలయాలూ ఒక్కో ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు మాత్రం స్కాన్ కాపీగా రాకూడదు.