ముర్రుపాలు పారబోయమనే ఆ సందేశం ఇక పంపకండి

గత నెలలో మా చెల్లెలికి ఆపరేషన్ కాన్పు అయింది. వారం తిరగకముందే ఒకే సందేశం నా ఫోనుకు నాలుగుసార్లు వచ్చింది. ‘బాలింతలు తప్పక తెలుసుకోవలసిన ఏడు విషయాలు’ అని పేరు, చివర పదిమంది ఆడవాళ్లకు పంపమని వేడుకోలు. పంపినవారంతా మా మేలు కోరేవారే కాబట్టి నోరు మెదపలేదు. ఐదోసారి అది నేరుగా మా చెల్లెలికే వెళ్లింది. ఒళ్లో బిడ్డ, పొత్తికడుపులో కుట్లు సలుపుతుంటే అర్ధరాత్రి అది చదివి ఏడ్చింది. ఇక ఊరుకోలేను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. రొమ్ము చిన్నదైతే పాలు తక్కువ అన్నారు. రొమ్ము పరిమాణం చాలావరకు కొవ్వుది, పాలు తయారుచేసేవి గ్రంథులు. తల్లికి జలుబు, జ్వరం వస్తే పాలు మాన్పించమన్నారు. ఆ జబ్బుతో పోరాడే శక్తి బిడ్డకు అందేది ఆ పాలలోనే. బాలింత నీళ్లు తక్కువ తాగాలన్నారు. తల్లిపాలలో 87 శాతం నీరే. దాహమేస్తున్న బాలింతకు చెంబు అందనివ్వకపోవడం పథ్యం కాదు, శిక్ష. ఎవరైనా చూస్తే దిష్టి తగిలి పాలు ఇంకిపోతాయన్న మాటకు నేను జవాబు రాయను.

నన్ను కుదిపేసింది రెండో అంశం. ‘ఆపరేషన్ అయితే మూడు రోజులు పాలు పడవు. మొదట వచ్చే పసుపు పాలు మంచివి కావు, పిండి పారబోయాలి. అప్పటిదాకా తేనె నాకించి పంచదార నీళ్లు పట్టాలి, గాడిద పాలు దొరికితే ఇంకా మంచిది.’ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. ఈ సలహా ఎన్ని లక్షల ఇళ్ల గుమ్మం తొక్కుతుందో ఆలోచించండి.

ఆపరేషన్ తర్వాత పాలు పొంగడం కాస్త ఆలస్యం కావచ్చు. కానీ ముర్రుపాలు గర్భంలో బిడ్డ ఉండగానే తయారై ఉంటాయి. మా చెల్లెలికి నర్సు మెల్లగా నొక్కి చూపించింది. నెయ్యిలా చిక్కగా, పసుపుగా, స్టీలు చెంచాలో అర చెంచాడు. “ఇంతేనా?” అంది మా అమ్మ. ఒక్కరోజు బిడ్డ కడుపుకు ఒకసారికి అంతే చాలు. బిడ్డ నాకి, పెదవులు చప్పరించి నిద్రపోయింది. ఊళ్లో ఎవరి గేదె ఈనినా జున్నుపాల కోసం గిన్నె పట్టుకుని వెళతాం. దూడకు ముర్రుపాలు తాగించకపోతే బతకదని రైతు తాపత్రయపడతాడు. మన బిడ్డకు వచ్చేసరికి అవే పాలు చెడ్డవి ఎలా అయ్యాయి?

ఇక తేనె. ఎంత స్వచ్ఛమైన అడవి తేనెలోనైనా బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండవచ్చు. మనం తింటే ఏమీ కాదు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ మెడ వాలిపోతుంది, చప్పరించే బలం పోతుంది, ఊపిరి తీయడమే కష్టమవుతుంది. ఒక్క చుక్క కూడా వద్దు. వీధిలో పిండి కాచకుండా పోసే గాడిద పాలూ వద్దు.

వీటన్నిటికంటే పెద్ద హాని మరొకటి ఉంది. పంచదార నీళ్లతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. బిడ్డ చప్పరించకపోతే ఒంట్లో పాలు తయారుకావు. నాలుగో రోజు “చూశావా, నీకు పాలు పడలేదు” అంటారు. పడకుండా చేసింది ఆ సలహాయే, నింద మాత్రం తల్లికి.

ఏడిస్తే పాలు చాలలేదని, వెంటనే డబ్బా పాలు మొదలుపెట్టాలని ఐదో అంశం. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. కంపెనీ చేయకూడని ప్రచారం మనం చేసిపెడుతున్నాం. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుతో కాదు, తడిగుడ్డలతో తెలుస్తుంది. ఐదో రోజు దాటాక రోజుకు ఆరైనా తడవాలి. మొదట కాస్త తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి. నా మొదటి కాన్పులో చనుమొనలు పగిలి, బిడ్డను ఎత్తుకోవాలంటేనే భయమేసేది. బిడ్డ నోట్లో మొన ఒక్కటే ఉందని, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లాలని ఒక నర్సు పక్కన కూర్చుని సరిచేసింది. రెండు రోజుల్లో నొప్పి తగ్గింది. రొమ్ములో పాలు గడ్డకట్టినా పట్టడం మానకూడదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. కొందరికి ఎంత చేసినా పాలు చాలవు. కాన్పులో రక్తం బాగా పోయినవారు, థైరాయిడ్ సమస్య ఉన్నవారు నాకు తెలుసు. బరువు పెరగని బిడ్డకు డాక్టరు చెప్పి పట్టించే డబ్బా పాలు నేరం కాదు. ఆ తల్లిని చిన్నచూపు చూసేవారి మీదా నాకు ఇంతే కోపం.

ఏడో అంశమూ నిజమే. బాలింతకు నలభై రోజులు ఇంటి పని చెప్పకూడదు, రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలి అని రాశారు. నొప్పితో, దిగులుతో, నిద్రలేక ఉన్న తల్లికి పాలు సరిగా చేపవు. మిగతా ఆరూ తీసేసి ఆ ఒక్కటీ పంపండి, మగవాళ్లకు కూడా పంపండి. మా మరిది రాత్రిళ్లు తనే లేచి గుడ్డలు మారుస్తున్నాడు. క్యాలెండరు మీద పెన్సిలుతో లెక్క వేస్తున్నాడు. నిన్న ఎనిమిది.