సవరణ: అమెచ్యూర్ బాక్సింగ్‌లో తూకం ముందురోజు కాదు

"బౌట్‌కు ముందురోజే తూకం, రాత్రంతా తిని కోలుకోవచ్చు" అని తిరుపతి కుర్రాళ్ల కోసం మొన్న రాశాం. అది తప్పు, ఆ పద్ధతి ప్రొఫెషనల్ బాక్సింగ్‌ది. అమెచ్యూర్ (ఒలింపిక్ తరహా) టోర్నీల్లో బౌట్, అంటే పోటీ, ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే కాటా ఎక్కాల్సిందే.

కాబట్టి స్వెటర్ వేసుకుని అలిపిరి మెట్లెక్కి రెండు కిలోలు దించే పని దయచేసి మానండి. పోయేది కొవ్వు కాదు, నీళ్లు. లీటరు చెమటంటే కిలో బరువు. సాయంత్రానికి అదంతా తిరిగి రాదు. కాళ్లు బరువెక్కుతాయి, గార్డు (ముఖానికి అడ్డంగా పెట్టే చేతులు) జారుతుంది, తలకు దెబ్బ తగిలితే ప్రమాదమూ ఎక్కువే. తూకం దిగాక ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగండి.

"బరువు ఒకటైతే పోటీ సమానం" అన్నదీ సగమే నిజం. 60 కిలోల విభాగంలోనే పొడుగు చేతులవాడి జాబ్ (ముందు చేత్తో తిన్నగా కొట్టే పంచ్) ముందు తగులుతుంది. అతను చెయ్యి వెనక్కి లాగే క్షణంలో లోపలికి దూరి పొట్టమీద కొట్టాలి.