బిల్లు కట్టాక బ్యాగెందుకు విప్పాలి?

కౌంటర్ దగ్గర "థాంక్యూ సార్, మళ్లీ రండి" అనిపించుకున్న మనిషే, పదడుగులు వేసి తలుపు దగ్గరికి వచ్చేసరికి "బిల్లేదీ? బ్యాగు తెరవండి" అనిపించుకుంటాడు. హైదరాబాద్, విజయవాడల్లో సూపర్ మార్కెట్లకు వెళ్లేవాళ్లకు ఇది ఎంత మామూలైపోయిందంటే, కౌంటర్ దాటగానే బిల్లును పళ్ల మధ్య కరిచిపెట్టుకుని రెండు చేతులా సంచులు మోసుకుపోతున్నారు.

ఆ తలుపు దగ్గర నిజంగా జరిగేదేమిటో కాస్త గమనించండి. సెక్యూరిటీ అతను బిల్లు అడుగున ఉండే మొత్తం ఐటమ్స్ అంకె చూస్తాడు. సంచిలోకి ఓ చూపు విసురుతాడు. పెన్నుతో గీత గీస్తాడు, లేదా పంచింగ్ మిషన్‌తో చిల్లు పెడతాడు. ఆ చిల్లుకు ఒక ప్రయోజనం ఉంది: అదే బిల్లు చూపించి అదే సరుకును ఇంకోసారి బయటికి తేలేరు. అంతకుమించి దాంతో పట్టుబడేది తక్కువ. ముప్పై ఐటమ్స్ ఉన్న బిల్లును, వెనక జనం తోసుకొస్తుంటే, నాలుగైదు సెకన్లలో సరిచూడటం ఎవరి తరమూ కాదు. ప్యాంటు జేబులో డియోడరెంట్ వేసుకున్నవాడు ఉప్పు ప్యాకెట్ బిల్లుకు చిల్లు వేయించుకుని దర్జాగా పోతాడు.

మరి ఎందుకు పెట్టినట్టు? స్టాకు లెక్కకూ, అరల్లో ఉన్న సరుకుకూ వచ్చే తేడాను రిటైల్ రంగంలో ష్రింకేజ్ అంటారు. అందులో కస్టమర్ల చేతివాటం ఒక భాగం మాత్రమే. సిబ్బంది కాజేసేది, సప్లయర్ తక్కువ దించేది, ఎంట్రీలో పొరపాట్లు, ఇవన్నీ కలిస్తేనే ఆ తేడా. తెలిసినవాళ్లొస్తే స్కాన్ చేయకుండానే నాలుగు వస్తువులు అవతలికి నెట్టేసే క్యాషియర్ భయం ప్రతి యాజమాన్యానికీ ఉంటుంది. తలుపు దగ్గరి తనిఖీలో ఎక్కువ భాగం ఆ క్యాషియర్ మీద నిఘాయే. తన మనిషి మీద ఉన్న అనుమానాన్ని షాపు మన సంచి మీద తీర్చుకుంటోందన్నమాట.

నిజానికి ఈ చిక్కును మన బట్టల షాపులు ఎప్పుడో విప్పేశాయి. సేల్స్‌మన్ చీటీ రాస్తాడు, చీరలు డెలివరీ కౌంటర్‌కు పోతాయి. డబ్బు కట్టి, బిల్లు మీద ముద్ర వేయించుకుని అక్కడికి వెళితే ఒక్కొక్కటీ బిల్లుతో సరిచూసి కవర్లో పెట్టి చేతికిస్తారు. ఇదీ తనిఖీయే. కాకపోతే సరుకు మన చేతికి రాకముందు జరుగుతుంది కాబట్టి ఎవరికీ తల కొట్టేసినట్టు ఉండదు. పైగా మనం ఎంచుకున్న అంచు చీర బదులు ఇంకోటి వచ్చి ఉంటే అక్కడే తేలిపోతుంది. లాభం ఇద్దరికీ.

సూపర్ మార్కెట్ తనిఖీలో లేనిది సరిగ్గా అదే. "అమ్మా, కందిపప్పు రెండుసార్లు పడింది, వెళ్లి సరిచేయించుకోండి" అన్న గార్డు ఎవరికైనా తగిలాడా? అర మీద అంటించిన ఆఫర్ ధర ఒకటి, బిల్లులో పడిన ధర ఇంకొకటి అయితే అది చూడటం అతని పని కాదు. షాపుకు పోయే రూపాయికే అక్కడ కాపలా.

అమెరికాలో ఉండే మనవాళ్లకు, సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకే సరుకు అమ్మే కాస్ట్‌కో షాపు తలుపు తెలిసిందే. అక్కడా రసీదు చూస్తారు, మార్కర్‌తో గీత గీస్తారు. కానీ అది సభ్యత్వ నిబంధనల్లోనే ఉంది. ఒప్పుకునే కార్డు తీసుకున్నాం. ఎక్కువ వసూలైందేమో కూడా చూస్తామని ఆ సంస్థ చెబుతుంది. మన సూపర్ మార్కెట్లో మనం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

చట్టం సంగతికొస్తే, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం లెక్కన డబ్బు కట్టి చేతికి తీసుకున్న సరుకు మనది. మన సొత్తును సోదా చేసే అధికారం గార్డుకు లేదు. అడగొచ్చు, మనం చూపించొచ్చు. కళ్లెదుట పెద్ద నేరం జరిగితే పట్టుకునే వీలు మామూలు పౌరుడికీ ఉంది కానీ, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ చెబుతోంది. ఊరికే అనుమానంతో దారికడ్డంగా నిలబడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 126వ సెక్షన్ కింద అదే నేరం: నెల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మొదటిసారి 5,000 లోపు వస్తువు దొంగిలించి తిరిగిచ్చేసినవాడికి సమాజ సేవతో సరిపెట్టమని అదే న్యాయ సంహిత అంటుంటే, కొన్ని షాపులు పట్టుబడినవాడి ఫొటో గోడకెక్కిస్తాయి. ఈ శిక్ష ఏ చట్టంలోదో మరి.

అందరినీ ఒకేలా చూస్తే ఇంత మంట ఉండదు. ఇన్ చేసిన చొక్కాకు, మెడలోని ఐడీ కార్డుకు చూడకుండానే గీత. నలిగిన లుంగీకి, పనికెళ్లి వస్తూ చంటిదాన్ని చంకనేసుకున్న ఆడమనిషికి సంచి అడుగుదాకా సోదా. ఇక సొంత సంచిని గేటు దగ్గరే పెట్టించుకుని టోకెన్ ఇచ్చి, చివర్లో క్యారీ బ్యాగు అమ్మే తంతు ఇంకొకటి. 2020 డిసెంబర్‌లో బిగ్ బజార్ కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ ముందుగా చెప్పకుండా బ్యాగుకు డబ్బు గుంజడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అనేసింది. అయినా ఆ తంతు ఆగింది లేదు.

గార్డును తిట్టి లాభం లేదు. ఏజెన్సీ మనిషి, పొద్దస్తమానం నిలబడి ఉంటాడు, ఏదైనా పోతే ముందు మాట పడేది అతనే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం ప్రకారం అతనికి శిక్షణ తప్పనిసరి. ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో అందులో చెప్పించాల్సింది యాజమాన్యం. అంతకన్నా తేలికైన పని, ఆ మనిషిని తలుపు దగ్గర్నుంచి తీసి క్యాషియర్ పక్కన కూర్చోబెట్టి, సంచిలో సర్దుతూ కస్టమర్ ఎదుటే బిల్లు సరిచూడమనడం. అప్పుడు రెండుసార్లు పడిన కందిపప్పూ దొరుకుతుంది. అది జరిగేదాకా మాత్రం, బిల్లు విషయంలో మోసం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, దారి ఆపి కూర్చోబెడితే ఎమర్జెన్సీ నంబర్ 112కు ఫోన్ చేయండి.